పొద్దున ఆరున్నర క్లాసు

పరీక్షలింకా అరవై రోజులున్నాయనగా, ఒక శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి, తొమ్మిది గ్రహాలనీ వాటి సూర్యుణ్ణీ నా చేత్తో నేనే ఆర్పేశాను. కావాలని కాదు. మెయిన్ స్విచ్ కిందికి దించాను, అంతే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రోజూ చేస్తున్న పనే అది. చివరి గంట కొట్టాలి, గదులు ఊడవాలి, కిటికీలు బిగించాలి, గదిగదికీ మెయిన్ దించాలి, తాళం వెయ్యాలి. ఆ బడికి అటెండర్ని నేను.

నా చదువు మూడో తరగతితో సరి. కూడబలుక్కుంటే చదవగలను. మాట కూడా పొదుపే. మా ఆవిడకో కుట్టుమిషనుంది. ఇంట్లో తనతో మాట్లాడేది ఆ మిషనొక్కటేనని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

మా ఒక్కగానొక్క అమ్మాయి అదే బళ్ళో సైన్సు టీచరు. ఏడాదికోసారి కాగితం తిరగరాస్తే నిలిచే ఉద్యోగం. రాయమని హెడ్మాస్టరు కమిటీకి ఒక మాటంటే ఉంటుంది, అనకపోతే లేదు. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్ళం. అమ్మాయి చేరిన రోజున ఇంటి గుమ్మంలో మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. బళ్ళో తను టీచరు, నేను అటెండర్ని. తనొస్తే లేచి నిలబడతాను, మేడమ్ అంటాను. తను నన్ను నాన్నా అని పిలవకూడదు. పిల్లలు నవ్వారంటే పంతులమ్మ మాట పలచనైపోతుంది. తను కూడా ఒక షరతు పెట్టింది, ఇంట్లో బడి మాట ఎత్తకూడదని. సరే అన్నాను.

మా ఇల్లు బడి వెనకే. నా ఉద్యోగంతోపాటు ఇచ్చిన రెండు గదులు. మధ్యలో చిన్న గేటు. ఆ గేటు దాటితే మా చుట్టరికం మారిపోయేది. ఇటు కూతురు, అటు మేడమ్, సరిగ్గా గేట్లో ఎదురుపడితే ఏమంటారో అని మా ఆవిడ దెప్పేది. ఏమీ అనేవాళ్ళం కాదు. ఎవరో ఒకరం పక్కకి తప్పుకునేవాళ్ళం.

ఆ గురువారం భోజనాల దగ్గర అమ్మాయి నాతో, రేపు సాయంత్రం కంప్యూటర్ గది మెయిన్ దించకు నాన్నా అంది. నేను కంచంలోంచి తలెత్తలేదు. అది బడి మాట. చెప్పింది కూతురు. అంత అవసరమైతే రేపు గేటుకి అవతల, టీచరుగా చెబుతుందిలే అనుకున్నాను. తనేమో చెప్పాను కదా అనుకుంది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎదురుచూశాను, చెప్పలేదు. మూడింటికి పెద్దసారు ఆవిణ్ణి ఏదో మీటింగుకని వేరే బడికి పంపారు. నాలుగున్నరయింది. కూతురి మాట విని బడి పని మానెయ్యడం తప్పు కదా అని, దించేశాను.

ఏం ఆర్పానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

కంప్యూటర్ గదిలో పదకొండు మిషన్లుండేవి, ఏడు పనిచేసేవి. అంతకుముందు అక్కడ పిల్లలు టైపు నేర్చుకునేవారు, లేదా కునికేవారు. అమ్మాయి వచ్చాక పదో తరగతి ఆఖరి పీరియడు వారానికి మూడు రోజులు అక్కడికి మారింది. ఆకాశం గురించి పాఠం. పుస్తకంలో ఆరు పేజీలుందట. ఆవిడ పుస్తకం మూయించి సైట్లు తెరిపించేది. చూసే సైట్లు కావు, చేత్తో కదిపే సైట్లు. నేను వరండా ఊడుస్తూ ఆ గది ముందు కొంచెం ఎక్కువసేపు ఊడ్చేవాణ్ణి.

మొదట చూసింది నల్లటి తెర. సూర్యుడికీ గ్రహాలకీ మధ్య దూరాలు అందులో ఉన్నవి ఉన్నట్టు పెట్టారట. చంద్రుణ్ణి ఒక చుక్కంత చేసి, మిగతాదంతా ఆ కొలతకే గీశారు. మౌసుతో పక్కకి జరుపుకుంటూ పోవాలి. సూర్యుడు దాటాక నలుపు. ఎంతో నలుపు తర్వాత ఒక చుక్క. మళ్ళీ నలుపు. ఆ క్లాసులో బస్సు డ్రైవరు కూతురొకతి ఉంది. లెక్కల్లో పది మార్కులు దాటేది కాదు, అయిదు నిమిషాలు కుదురుగా కూర్చునేది కాదు. జగమొండి అని పెద్దసారే పేరు పెట్టారు. అది ఆ పేరుకి పలికేది కూడా. ఆ రోజు అది నలభై నిమిషాలు కదలకుండా ఆ నలుపుని జరుపుతూ కూర్చుంది. చీపురు దాని బల్ల కిందికి పోనిచ్చి, ఉండబట్టలేక, ఏముందమ్మా అందులో అన్నాను.

“ఏమీ లేదు తాతా,” అంది తెర మీంచి కళ్ళు తియ్యకుండా. “ఇంత ఏమీ లేదని పుస్తకంలో చెప్పలేదు.”

ఇంకో రోజు ఇంకో సైటు. వయసు నొక్కితే ఒక నక్షత్రాన్ని చూపిస్తుంది. మనం పుట్టినప్పుడు అక్కడ బయల్దేరిన వెలుగు ఇప్పుడిప్పుడే మన కంటికి చేరుతోందట. పిల్లలు తమ తమ నక్షత్రాలు వెతుక్కోవడం అయ్యాక నా మీద పడ్డారు, నీ వయసెంత తాతా అని. నాకు రెండు వయసులు. బడి రికార్డులోది ఒకటి, మా అమ్మ చెప్పింది ఒకటి, రెండేళ్ళు తేడా. ఎవరికీ చెప్పకూడని సంగతి, చెప్పేశాను. వాళ్ళు రెండూ నొక్కారు. తాతకి రెండు నక్షత్రాలని క్లాసంతా చప్పట్లు. టీచరు బోర్డు వైపు తిరిగిపోయింది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలిసింది.

ఆఖరిది సొంత సృష్టి. ఖాళీ తెర మీద ఒక సూర్యుణ్ణి పెట్టాలి. చుట్టూ గ్రహాల్ని వదలాలి, ఒక్కోదానికి ఒక తోపు ఇచ్చి. తోపు తగ్గితే గ్రహం పోయి సూర్యుడిలో పడుతుంది. మించితే తెర దాటి వెళ్ళిపోతుంది, మరి రాదు. వారం రోజులు ఆ గదిలో గ్రహాలు రాలని పూట లేదు. టీచరు ఎలాగో చెప్పదు. మళ్ళీ తోసి చూడండి అంటుంది, అంతే. ఎనిమిదో రోజున జగమొండి పట్టుకుంది. సూర్యుడి వైపు తొయ్యకూడదు, వెనక్కీ తొయ్యకూడదు, పక్కకి తొయ్యాలి. పక్కకి తోస్తే అది పడుతూనే ఉంటుంది గానీ ఆనడానికి చోటు దొరకదు. చంద్రుడూ అంతే, ఇప్పుడు కూడా మన మీద పడుతూనే ఉన్నాడు, తగలడం లేదంతే అని మిగతావాళ్ళకి చెప్పింది. అప్పుడు టీచరు బోర్డు మీద ఏమీ రాయలేదు. సుద్దముక్క దాని చేతికిచ్చింది.

తొమ్మిది గ్రహాలు ఒకదాన్నొకటి చెదరగొట్టకుండా నిలబెట్టేసరికి ఇంకో వారం పట్టింది. ఆ సైటు దేన్నీ దాచిపెట్టదు, ఆపితే పోయినట్టే. తెర మీద సెకనుకి ఒక ఏడాది నడుస్తుంది. శుక్రవారం నాలుగింటికి మొదలెట్టి సోమవారం తొమ్మిదింటి దాకా వదిలేస్తే మనం చేసింది నిలబడుతుందో లేదో తెలుస్తుందని పిల్లలంతా కలిసి అనుకున్నారు. టీచరు మీటింగుకి వెళ్ళినా, నాలుగింటికి వాళ్ళే మొదలెట్టి ఇళ్ళకి పోయారు.

సోమవారం నేను తాళం తీసేలోపే ముప్ఫై ఎనిమిది మంది తలుపు దగ్గరున్నారు. నన్ను తోసుకుని లోపలికి పోయారు. తెర నల్లగా ఉంది. ఎవరాపారు అని ఒక గొంతు అడిగింది. నేనే అన్నాను. అప్పటికి టీచరు వచ్చింది.

“అటెండర్ గారూ, మీకు చెప్పాను కదా.”

“బళ్ళో చెప్పలేదు మేడమ్.”

తనకి అర్థమైంది. పిల్లలకి కాలేదు. ఇద్దరు ఏడుస్తున్నారు. జగమొండి మాత్రం నన్ను పైకీ కిందికీ చూసి, నాలుగున్నరకి దించావా తాతా అని అడిగింది. ముప్ఫై నిమిషాలు, నిమిషానికి అరవై, అంటే పద్దెనిమిది వందల ఏళ్ళు బతికింది, ఇవాళ్టికి రెండు లక్షల ముప్ఫై నాలుగు వేలు కావాల్సింది అంది. లెక్కల్లో పది దాటని పిల్ల కాగితం లేకుండా చేసిన లెక్క అది. గమనించింది టీచరొక్కతే. నాకైతే తల తీసేసినట్టయింది.

ఏడుపులు విని పెద్దసారు వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. కిందటేడు పన్నెండు మంది తప్పారు, కమిటీ ముందు తలొంచుకుని నిలబడ్డది ఆయనే. సంగతంతా విని టీచర్ని వరండాలోకి పిలిచారు. పదిహేను రోజులు చేసిన చదువు ఒక స్విచ్చుకి పోయిందంటే అది చదువేనా అని అడిగారు. ఆవిడ తడుముకోలేదు. పోయింది తెర మీదదేనండీ అంది.

“పరీక్షలో మౌసు ఇవ్వరమ్మా. పెన్ను ఇస్తారు.”

“పెన్నుతో రాయడానికి లోపల ఏదో ఒకటి ఉండాలి కదండీ.”

“పుస్తకంలో నాలుగు లైన్లున్నాయి. అవి ఉంటే చాలు.”

పరీక్షలయ్యేదాకా కంప్యూటర్ గది మూసెయ్యమని నాకు చెప్పారు. తాళంచెవి నా నడుము దాటకూడదు. అలాగేనండి అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయనతో నేననే మాట అదొక్కటే.

నాలుగు రోజులు ఆ నాలుగు లైన్లు విన్నాను. ముప్ఫై ఎనిమిది గొంతులు ఒకే రాగం. గంట దగ్గర నా స్టూలు దాకా వినబడేది. చంద్రుడు భూమి మీద ఎందుకు పడడు అన్న ప్రశ్నకి జవాబు. కాదు, ముప్ఫై ఏడు గొంతులే. జగమొండి ఆ లైను దగ్గర నోరు మూసుకునేది. వేరే మాస్టారొకాయన చూసి బయట నిలబెట్టారు. ఎండలో గోడకానుకుని నిలబడి నాతో, పడతాడు తాతా, పడతాడని నాకు తెలుసు, పడడని ఎలా అననూ అంది. మంచినీళ్ళిచ్చాను.

ఇంట్లో అమ్మాయి బడి మాట ఎత్తలేదు. ఒప్పందం ఒప్పందమే. నన్నొక్క మాట అని ఉంటే నా ప్రాణం హాయిగా ఉండేది. తినడం, కంచం కడుక్కోవడం, పేపర్లు దిద్దుకోవడం. అయిదో రోజు సాయంత్రం తను దిద్దుకుంటోంది, మా ఆవిడ మిషను మీద ఉంది. నేను తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టాను.

“ఆ గది పొద్దున ఎన్నింటికి తియ్యమంటారు మేడమ్?” అన్నాను.

మిషను ఆగిపోయింది. అమ్మాయి ఎర్రపెన్ను పక్కన పెట్టింది. నీ ఉద్యోగమే కాదు నాన్నా, ఈ ఇల్లు కూడా పోతుంది అంది. నీ కాగితం సంగతో అన్నాను. దాని సంగతి నేను చూసుకుంటాలే అంది. ఇంతలో మా ఆవిడ అందుకుంది. ఇన్నేళ్ళు నోరు తెరవని మనిషి తెరవక తెరవక తెరిస్తే కొంపకి నిప్పెట్టే మాటా వచ్చేది అని మొదలెట్టి, ఈ బూజు గోడల్లో మేకు కూడా సరిగ్గా దిగదు, పోతే పోయింది వెధవ కొంప, ఆరున్నరకి తీస్తే ఎనిమిదికి మూసెయ్యొచ్చు, ఆ పెద్దమనిషి ఎనిమిదిన్నరకి గాని రాడు అని ముగించింది. సూదిలో దారం ఎక్కించుకుని మళ్ళీ తొక్కడం మొదలెట్టింది.

మర్నాడు ఆరున్నరకి ఆరుగురొచ్చారు. మూడో రోజుకి ముప్ఫై ఎనిమిది మంది. ఎవరు చెప్పారో నాకు తెలీదు. చెప్పులు చేత్తో పట్టుకుని, మాట్లాడకుండా వచ్చేవారు. ఆ క్లాసు అంత నిశ్శబ్దంగా ఉండడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

మళ్ళీ సూర్యుణ్ణి పెట్టారు. ఈసారి జగమొండి ఒక నోటుపుస్తకం తెచ్చింది. ఏ గ్రహం ఎంత బరువు, ఎంత దూరం, ఎంత తోపు, అన్నీ గళ్ళు గీసి రాయడం మొదలెట్టింది. ఎందుకమ్మా ఇంత రాత అంటే, నువ్వు మళ్ళీ ఆపేస్తే అంది. ఆపనన్నాను. ఆపుతావు తాతా, నాలుగున్నరైతే నీ చెయ్యి నీ మాట వినదు అంది. క్లాసు గుంభనంగా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని, అది చెప్పింది నిజమే.

తొమ్మిదీ నిలబడ్డ రోజు అది నా దగ్గరికొచ్చి, ఇప్పుడు మెయిన్ దించు తాతా అంది. నేను టీచరు వైపు చూశాను. ఆవిడ తలూపింది. నా చెయ్యి లేవలేదు. ఒకసారి ఆర్పినవాణ్ణి, ఆ నల్లతెర చూసినవాణ్ణి. దించు తాతా అని ముప్ఫై ఎనిమిది మంది కళ్ళతోనే అరుస్తున్నారు. దించాను. గది చీకటైంది. మళ్ళీ ఎత్తాను. మిషన్లు లేచేదాకా ఓపిక పట్టి, ఒకరు పుస్తకంలోంచి చదువుతుంటే ఒకరు నొక్కుతూ పోయారు. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. పన్నెండు నిమిషాల్లో తొమ్మిది గ్రహాలూ తిరుగుతున్నాయి.

“పోలేదు చూశావా,” అంది జగమొండి. నాతో అందో, ఆ గదిలో లేని ఇంకొకరితో అందో మరి.

అలా ఇరవై రెండు రోజులు నడిచింది. బయటపడింది ఎవరో చాడీ చెప్పి కాదు, ఒకాయన దణ్ణం పెట్టి. జగమొండి వాళ్ళ నాన్న, బస్సు డ్రైవరు. ఎనిమిది గంటలకి కూడా లేపితే గాని లేవని పిల్ల అయిదింటికే తనంతట తను లేచి తల దువ్వుకుంటోందంటే ఏ తండ్రికైనా అనుమానమే. ఒకరోజు డ్యూటీ బట్టల్లోనే దాని వెనక నడుచుకుంటూ వచ్చాడు, చేతికి దొరికితే నాలుగు తగిలిద్దామని. తలుపు తోసి చూసి, వెనక బల్ల మీద చతికిలబడ్డాడు. కూతురు మౌసు చేతికిచ్చింది. ఆయన తోసిన గ్రహం తిన్నగా పోయి సూర్యుడిలో పడింది. వంద మందిని ఎక్కించుకుని ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నాను, ఒక్కసారి గుద్దింది లేదు, ఇదేమిటమ్మా అన్నాడు. బ్రేకు కాదు నాన్నా, పక్కకి అంది అది.

ఆ మనిషి కృతజ్ఞత కడుపులో దాచుకోలేకపోయాడు. తొమ్మిదింటికి పెద్దసారి గదికి వెళ్ళి, పొద్దున్నే పిల్లల కోసం ఇంత శ్రమ పడుతున్నారు, మీరు చల్లగా ఉండాలి సార్ అని రెండు చేతులూ జోడించాడు. పెద్దసారు రెప్ప వెయ్యకుండా ఆ దణ్ణం తీసుకున్నారట. ఆయన్ని గుమ్మం దాకా పంపించి, నాకు కబురు పెట్టారు.

బల్ల మీద ఒక కాగితం రాసి ఉంది. సంతకం పెట్టమన్నారు. నేను తీసుకుని చదవడం మొదలెట్టాను. ఆయన గడియారం చూసుకున్నారు, కిటికీ చూశారు, మళ్ళీ గడియారం చూసుకున్నారు. అక్షరం అక్షరం చదివాను. సైన్సు టీచరు నాకు తెలియకుండా తాళంచెవి తీసుకుని, నా నిద్ర వేళ చూసి గది తెరిచిందని రాసి ఉంది.

“ఇది జరగలేదండి,” అన్నాను.

“జరిగిందని నేనన్నానా? రాసుకుందామంటున్నాను. కమిటీకి ఎవరో ఒకరిని చూపించాలి. రిటైరవ్వడానికి నీకింకా ఎనిమిది నెలలుంది. ఇల్లు నీకుంటుంది. ఆవిడ చిన్నది, ఇంకెక్కడైనా దొరుకుతుంది. నీ మంచికే చెబుతున్నానయ్యా.”

నిజంగా నా మంచికే చెప్పారు. ఆ గొంతు నాకు తెలుసు. కాగితం మడిచి, ఆయన ముందు పెట్టాను.

“తాళం తీసింది నేను. ఎన్నింటికి తియ్యాలని అడిగింది కూడా నేనే. ఆవిడ అడగలేదు. అది రాయండి, పెడతాను.”

అలాగేనండి తప్ప నా నోటెంట ఇంకో మాట వినని ఆయన నన్ను ఎగాదిగా చూశారు. అప్పుడే తలుపు దగ్గర అమ్మాయి కనబడింది. ఎవరు చెప్పారో, పీరియడు మధ్యలో వచ్చింది. వేలికి సుద్ద ఇంకా ఉంది. ఇది నాకూ అటెండరుకీ మధ్య విషయం, మీరు క్లాసుకి వెళ్ళండమ్మా అన్నారు పెద్దసారు.

“ఆయన మా నాన్నండీ,” అంది.

ఆ బళ్ళో తెలియనివాళ్ళెవరూ లేరు. అయినా గేటుకి ఆ వైపున ఆ మాట వినబడడం అదే మొదలు. గోడవారనున్న కుర్చీ ఒకటి లాక్కొచ్చి నా వెనక వేసింది. కూర్చున్నాను. పెద్దసారి ఎదురుగా ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. రోజూ తుడిచే కుర్చీయే, కూర్చుంటే అంత మెత్తగా ఏమీ లేదు. తనూ ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన కాసేపు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చివరికి చింపేశారు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. టీచరు కాగితం సంగతి పరీక్షలయ్యాక కమిటీ చూసుకుంటుందన్నారు. ఆ మధ్యాహ్నమే కంప్యూటర్ గదికి కొత్త తాళం వచ్చింది. చెవి ఆయన జేబులో.

తర్వాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. నెలాఖరుకి ఖాళీ చేశాం. నా ఎనిమిది నెలలూ పోయాయి. అమ్మాయి కాగితం తిరగరాయలేదు, ఇప్పుడు వేరే బళ్ళో చెబుతోంది, అక్కడ కంప్యూటర్లు నాలుగే. మేకు బాగా దిగే గోడలు మా ఆవిడకి దొరికాయి. మిషను కిటికీ పక్కన వేసుకుంది. ఆ ఏడు పరీక్షలో చంద్రుడి ప్రశ్న రానే లేదు. తప్పినవాళ్ళు నలుగురు. అందులో జగమొండి లేదు. ఇదంతా పోగొట్టుకున్నవాడి లెక్కలా అనిపిస్తే అనిపించనివ్వండి. నేను చెప్పాలనుకున్నది ఆ నెల ఆఖరి వారం గురించి.

కొత్త తాళం వేసిన మర్నాడు కూడా ఆరున్నరకి వెళ్ళాను. పిల్లలు వచ్చారు. తాళం తళతళలాడుతోంది. అమ్మాయి దాన్ని కాసేపు చూసింది. ఇంటికి పంపేస్తుందనుకున్నాను. వరండాలో గచ్చు మీద కూర్చుని తన ఫోను తీసింది. ఆ సైటు అందులో కూడా తెరుచుకుంది. అరచేయంత తెర. జగమొండి నోటుపుస్తకం విప్పింది. ముప్ఫై ఎనిమిది తలలు ఆ ఫోను మీద వంగాయి. వంతులు వేసుకుని ఒక్కొక్కరు ఒక్కో అంకె నొక్కారు. తెర అందనివాళ్ళు పుస్తకం చదివి వినిపించారు. గంటంబావు పట్టింది, తొమ్మిదీ తిరిగాయి.

రెండో రోజు పదకొండు ఫోన్లొచ్చాయి. అమ్మలవీ, అన్నలవీ, ఎనిమిదింటికల్లా తిరిగిచ్చెయ్యాలన్న షరతు మీద. డ్రైవరు తన ఫోను కూతురికిచ్చి, ఆ పూట బస్సు డిపోలో ఎవరినో టైమడిగి బయల్దేరాడట. మూడో రోజుకి ఇరవై ఆరు. కొన్నిటికి అద్దం పగిలి ఉంది. పాత ఫోన్లకి తొమ్మిది గ్రహాలు మోసే బలం లేదని తేలింది, వాటికి మూడేసి ఇచ్చారు. ఎవరి సూర్యుడు వాళ్ళది, పుస్తకం మాత్రం ఒకటే. దాన్ని నలుగురు నాలుగు కాపీలు రాశారు. ఆ ఒక్క గది తప్ప మిగతా తాళాలన్నీ నెలాఖరు దాకా నా నడుముకే ఉన్నాయి. పక్క క్లాసు తెరిచి బల్లలు ఒక్కొక్కటే వరండాలోకి మోశాను. ఎవరూ మోయమనలేదు, ఎవరూ వద్దనలేదు.

నాలుగో రోజు పెద్దసారు ఏడింటికే వచ్చారు. మెట్ల కింద నిలబడి చూశారు. తూర్పు ఎండ సూటిగా వరండాలోకి కొడుతోంది. తెరలు కనబడక పిల్లలు ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. కొందరి మెడల మీద చెమట కారుతోంది. ఆయనని చూసి లేచి నిలబడ్డారు, నమస్తే సార్ అన్నారు, కూర్చున్నారు. మళ్ళీ తల వంచుకున్నారు.

ఆయన అందరినీ దాటుకుని వెళ్ళారు. జేబులోంచి చెవి తీసి, కొత్త తాళం తీశారు. తలుపు బార్లా తెరిచారు.

“ఎండలో ఎందుకు. లోపలికొచ్చి కూర్చోండి,” అన్నారు.

పిల్లలు టీచరు వైపు చూశారు. ఆవిడ చేతిలో ఉన్న ఫోనులో ఎవరిదో గ్రహం సరిచేస్తోంది. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. వాళ్ళిష్టం. జగమొండి మోకాలి మీది పుస్తకంలో ఒక అంకె కొట్టేసి ఇంకో అంకె రాసుకుని, తలెత్తింది.

“పర్లేదు సార్. ఇక్కడ బానే ఉంది.”

ఆ గొంతులో పొగరు లేదు. పక్కింటివాళ్ళు టీకి పిలిస్తే ఇప్పుడే తాగొచ్చామండీ అన్నట్టు అంది. మిగతా ముప్ఫై ఏడు మంది కూడా కదల్లేదు. పెద్దసారు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డారు. లోపలికి వెళ్ళలేక, మళ్ళీ మూయలేక. చివరికి నా వైపు తిరిగి, ఫ్యాన్లు వెయ్యవయ్యా, గాలి తగిలితే వాళ్ళే వస్తారు అన్నారు.

వేశాను. నాలుగు ఫ్యాన్లు ఎనిమిదింటి దాకా ఖాళీ గదిలో తిరిగాయి.